కూలి కొలత దగ్గర మొదలైన పోరు: అలగానిపాడు సుందరయ్య

పుచ్చలపల్లి సుందరయ్య పేరు వినని రైతుకూలీ కార్యకర్త మన జిల్లాలో వుండడు. పార్లమెంటుకు సైకిలు తొక్కుకుంటూ పోయిన మనిషి, ఆస్తి మొత్తం ఉద్యమానికిచ్చిన మనిషి, తెలంగాణా పోరాటం నడిపిన నాయకుడు అని మీటింగుల్లో చెబుతుంటాం, వింటుంటాం. అయితే ఆయన మొట్టమొదట ఎక్కడ, ఎవరితో, దేనికోసం తగాదా పడ్డారో చెప్పేవాళ్ళు తక్కువ. ఆ తగాదా ఢిల్లీలో జరగలేదు, హైదరాబాదులో జరగలేదు. పుట్టిన వూళ్ళోనే జరిగింది. అవతలి పక్షం తెల్లదొరలు కాదు, సొంత బంధువులు, సొంత కులంవాళ్ళు. తగాదా కూలి గింజల గురించి, మంచినీళ్ళ బావి గురించి. ఈ వారం మేము ఆ వూరి కథే చెప్పదలిచాం. ఎందుకంటే ఇవ్వాళ జూపాడు బంగ్లా చుట్టుపక్కల పల్లెల్లో సంఘం పెట్టాలనుకునే ప్రతి కుర్రవాడికీ అది పనికొచ్చే కథ.

నెల్లూరు జిల్లా అలగానిపాడుకూ మనకూ ఏం సంబంధం అని అడగవచ్చు. నీళ్ళ దారిన చూస్తే సంబంధం వుంది. మన మండలంలోని పోతిరెడ్డిపాడు తూముల నుంచి బయల్దేరే కృష్ణ నీరు బానకచర్ల దాటి, వెలుగోడు, బ్రహ్మంసాగరం, సోమశిల మీదుగా నెల్లూరు జిల్లా కండలేరుకు చేరి, అక్కడినుంచి మద్రాసుకు పోయేట్లుగా 1983లో తెలుగుగంగకు శంకుస్థాపన చేశారు. అంతకు ఎంతో ముందే, 1860ల్లో, సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు, కడప కాలువ తవ్వింది ఇంగ్లీషు కంపెనీ. లాభం కోసం తవ్వింది. లాభం రాకపోయేసరికి 1882లో సర్కారుకు అమ్మేసింది. ఆ కాలువ గట్టునే మన పల్లెలు చాలా వున్నాయి. నీళ్ళు పారినచోట పంట పెరిగింది, భూమి ధర పెరిగింది. కూలి మాత్రం తనంతట తాను పెరగలేదు. పెన్నా డెల్టాలో వున్న అలగానిపాడులోనూ ఇదే సంగతి. వరి పండే నేల, నిండిన గాదెలు, ఆ గాదెలు నింపిన వాళ్ళ ఇళ్ళల్లో ఖాళీ కుండలు. సుందరయ్య కళ్ళు తెరిచింది ఆ వూళ్ళో.

పెద్దింటి బిడ్డ

ఆయన 1913 మే 1న పుట్టారు. తండ్రి వెంకటరామిరెడ్డి, తల్లి శేషమ్మ. భూమి, పాలేళ్ళు, పశువులు వున్న కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పసితనంలోనే తండ్రి పోయారు. వీధిబడి చదువు వూళ్ళో అయింది. తర్వాత అక్క, బావల ఇంట్లో వుంటూ, బావగారి వుద్యోగం ఎక్కడికి మారితే అక్కడికి తానూ పోతూ, తిరువళ్ళూరులో, ఏలూరులో, రాజమండ్రిలో, మద్రాసులో చదువుకున్నారు. చివరకు మద్రాసు లయోలా కాలేజీలో చేరారు. సెలవులకు వూరికి వచ్చేవారు. పట్నంలో చదువు, పల్లెలో సెలవు. ఈ రాకపోకల వల్ల ఒక మేలు జరిగింది. వూళ్ళోనే పుట్టి వూళ్ళోనే పెరిగినవానికి మామూలుగా కనిపించేది, బయటికి పోయి వచ్చినవానికి కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది.

ఆ కాలంలో డెల్టా పల్లెలో పెద్దరైతు ఇల్లు ఎట్లా నడిచేదో కొత్తతరానికి చెప్పాలి. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు తెల్లవారక ముందే దొడ్లోకి రావాలి. పేడ తీయాలి, పశువులకు మేత వేయాలి, నాగలి కట్టాలి, రాత్రి మళ్ళీ పశువులను కట్టేసేదాకా అతనిది అంటూ ఒక గంట వుండదు. జీతం గింజల్లో. పెళ్ళికో, చావుకో తీసుకున్న అప్పు గింజల్లోనే పెరుగుతూ పోయేది. తండ్రి తీర్చలేని అప్పుకు కొడుకు పశువుల వెంట పోవాలి. నాట్లకు, కోతలకు వచ్చే ఆడవాళ్ళకు కూలి కూడా గింజలే. ఆ గింజల్ని కొలిచేది భూస్వామి కొలతతో, కొలిచే చెయ్యి భూస్వామి మనిషిది. తీసుకునేటప్పుడు రాశిపోసి కొలవడం, ఇచ్చేటప్పుడు బొటనవేలు లోపలపెట్టి తలకొట్టి కొలవడం ఎన్ని వూళ్ళల్లో జరగలేదు? మన వైపు శేరయినా, పడయినా, ఆ వైపు కుంచమైనా, తవ్వయినా కొలతలో పోయేది కూలివాని నోటి దగ్గరి ముద్దే.

పైగా అంటరానితనం. పొలంలో పండించినవాడు పండిన గింజను తాకవచ్చు, అదే గింజ అన్నమైన తర్వాత తాకరాదు. కాలువ తవ్వినవాడు వూరిబావిలో చేద వేయరాదు. వాడకు వేరే గుంట, ఎండాకాలం వస్తే ఆ గుంట కూడా ఎండిపోయేది.

చదువు వదిలి వూరికి

1930లో వుప్పు సత్యాగ్రహం వచ్చింది. ఆయనకు అప్పుడు 17 ఏళ్ళు. కాలేజీ వదిలి అందులో దూకారు. శిక్ష పడింది. వయసు చిన్నది కనుక కుర్రఖైదీల బోర్‌స్టల్ బడిలో పెట్టారు. 1931లో గాంధీ, ఇర్విన్ ఒడంబడిక తర్వాత బయటికొచ్చారు. ఆ రోజుల్లోనే దక్షిణాదిలో కమ్యూనిస్టు పార్టీ కట్టడానికి వచ్చిన అమీర్ హైదర్ ఖాన్‌తో పరిచయమైంది. ఓడల్లో పనిచేసి, దేశదేశాలు తిరిగి వచ్చిన కార్మికుడాయన. ఆ పరిచయం సుందరయ్య జీవితాన్ని మలుపు తిప్పింది.

చాలామంది యువకులు జైలునుంచి వచ్చి మళ్ళీ కాలేజీలకు పోయారు. కొందరు ప్లీడర్లయ్యారు, కొందరు పట్నాల్లో నాయకులయ్యారు. సుందరయ్య అలగానిపాడుకు పోయారు. తనకు బాగా తెలిసినచోట, తన మాట ఎంత నిజమో జనం రోజూ చూసేచోట పని మొదలుపెట్టారు. పరాయి వూళ్ళో ఎన్ని ఉపన్యాసాలయినా ఇవ్వవచ్చు. సొంత వూళ్ళో సమానత్వం గురించి మాట్లాడితే, మీ ఇంటి పాలేరుకు మీరేం ఇస్తున్నారయ్యా అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడే అక్కడ నిలబడతాడు.

మొదట ఆయన చేసిన పని పేరుకు వున్న తోక కోసేయడం. సుందరరామిరెడ్డి సుందరయ్య అయ్యారు. ఇది చిన్నపనిగా కనిపించవచ్చు. కానీ పల్లెలో పేరు వెనక తోక అంటే ఎవరి అరుగుమీద ఎవరు కూర్చోవాలో చెప్పే గుర్తు. అది పోగొట్టుకున్న తర్వాతే వాడలోకి పోయి, అక్కడివాళ్ళతో కూర్చుని, వాళ్ళు పెట్టింది తినడానికి ఆయనకు దారి దొరికింది.

బడి, మందులు, అంగడి, బావి

కూలీలను సంఘంగా కూర్చడానికి ఆయన ఒక్కసారిగా జెండా పాతలేదు. ముందు వాళ్ళ రోజువారీ కష్టంలోకి దిగారు. రాత్రిబడి పెట్టారు. పగలంతా పని చేసినవాళ్ళు పలకమీద అక్షరాలు దిద్దారు. వేలిముద్ర వేసే కాగితంలో ఏముందో చదవగలిగితే అప్పుల పద్దులో మోసం సగం బయటపడుతుంది. చదువుకునేవాళ్ళకు పుస్తకాలు, పత్రికలు అందుబాటులో పెట్టారు. జబ్బుపడినవాళ్ళకు చిన్నచిన్న మందులు ఇవ్వడం నేర్చుకుని తానే ఇచ్చారు. తేలు కుట్టినా, జ్వరం వచ్చినా వాడవాళ్ళు భూస్వామి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడవలసిన అవసరం కొంత తప్పింది.

తర్వాత అంగడి. కూలివాళ్ళు అప్పుమీద కొనే వుప్పు, చింతపండు, కిరసనాయిలు, గుడ్డ అన్నింటిలో షావుకారు తూకమే తూకం, షావుకారు ధరే ధర. తెచ్చిన ధరకు దగ్గరగా అమ్మే చవక అంగడి పెట్టించారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. కూలి రెండుచోట్ల పోతుంది. కల్లంలో కొలిచేటప్పుడు ఒకసారి, అంగట్లో కొనేటప్పుడు రెండోసారి. కూలి పెంచమని అడిగే సంఘం రెండో చిల్లుని పూడ్చకపోతే పెరిగిన కూలి షావుకారు గల్లాలో పడుతుంది. ఈ లెక్క సుందరయ్యకు పుస్తకంలో దొరకలేదు, వాడలోని పొయ్యి దగ్గర దొరికింది.

ఆపైన బావి. వూరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు దళితులకూ వుండాలని నిలబడ్డారు. అంతదాకా చిన్నవాడు, జైలుకు పోయి వచ్చాడు, ఏదో సేవ చేసుకుంటున్నాడు అని సరిపెట్టుకున్న పెద్దలు ఇక సహించలేకపోయారు. బడి పెడితే నవ్వారు, అంగడి పెడితే గొణిగారు, బావి దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరిగారు. అందులో ఆయన బంధువులూ వున్నారు. కులం కట్టడి ఎంత గట్టిదో, అది కూలిరేటుకు ఎట్లా కాపలా కాస్తుందో ఆయనకు అక్కడ బాగా బోధపడింది. బావి దగ్గర తలవంచినవాడు కల్లం దగ్గర తల ఎత్తలేడు. అందుకే ఆయన కులం సంగతి తర్వాత చూద్దాం, ముందు కూలి సంగతి చూద్దాం అనలేదు. రెండింటినీ ఒకే తగాదాగా నడిపారు.

ఈ పనులన్నిటి మీద వ్యవసాయ కూలీల సంఘం లేచింది. వెట్టిపని, కట్టుబానిస చాకిరీ వద్దన్నది, కూలి పెరగాలన్నది దాని డిమాండ్లు. తెలుగునాట వ్యవసాయ కూలీలు సొంతంగా కట్టుకున్న తొలి సంఘాల్లో ఒకటిగా అలగానిపాడు సంఘాన్ని ఉద్యమం గుర్తుపెట్టుకుంది. సొంత కుటుంబం కూడా కూలి ఇచ్చే పక్షమే కనుక ఆయన ఆ పోరాటంలో ఇంటివాళ్ళకు ఎదురు నిలబడ్డారు. తర్వాత తన వాటాకు వచ్చిన ఆస్తిని కూడా ఉద్యమానికి ఇచ్చేశారు. అడగడానికి వచ్చినవాని చేతులు ఖాళీగా వుంటేనే అడిగే మాటకు బరువు.

ఇంగ్లాండు పల్లెలో ఇలాంటిదే

తెల్లదొరల దేశంలో పల్లె కూలీలు సుఖంగా వుండేవాళ్ళని మనవాళ్ళు కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. అక్కడ వారిక్‌షైర్ జిల్లా బార్‌ఫర్డ్ అనే పల్లెలో 1826లో జోసెఫ్ ఆర్చ్ అనే కూలివాని బిడ్డ పుట్టాడు. తొమ్మిదేళ్ళ వయసులోనే చేలో పిట్టలు తోలే పనికి పోయాడు. చర్చిలో ప్రసాదం కూడా ముందు భూస్వామికి, తర్వాత రైతులకు, చివరకు కూలీలకు ఇవ్వడం చిన్నప్పుడే చూశాడు. కంచెలు కత్తిరించే పనిలో పేరు తెచ్చుకున్నాడు. 1872 ఫిబ్రవరిలో పక్కవూరు వెల్స్‌బోర్న్ కూలీలు పిలిస్తే పోయి చెట్టుకింద పీటమీద నిలబడి మాట్లాడాడు. చీకట్లో లాంతర్లు కర్రలకు కట్టుకుని వందలకొద్దీ కూలీలు వచ్చారు. ఆ ఏడే జాతీయ వ్యవసాయ కూలీల సంఘం ఏర్పడింది. 1874లో తూర్పు జిల్లాల రైతులు సంఘంలో వున్నవాళ్ళకు పని లేదని గేట్లు మూశారు. నెలల తరబడి ఆకలితో పోరాడి సంఘం దెబ్బతిన్నది. అయినా ఆ కదలిక ఫలితంగానే 1884లో పల్లెకూలీ మగవాళ్ళలో చాలామందికి ఓటు వచ్చింది. 1885లో ఆర్చ్ పార్లమెంటు మెంబరయ్యాడు.

ఆర్చ్ గుడిసెలో పుట్టి పైకి వచ్చాడు. సుందరయ్య మేడలో పుట్టి గుడిసెలోకి దిగారు. దారులు వేరు. కాని ఇద్దరికీ బడి పల్లెటూరే, ఇద్దరి మొదటి పాఠం కూలి లెక్కే. ఇంకో తేడా కూడా చూడాలి. అక్కడ కూలివాని మెడమీద భూస్వామి, చర్చి కూర్చున్నాయి. ఇక్కడ వాటికి తోడు కులం కూర్చుంది. అందుకని మన సంఘం బరువు రెండింతలు.

పల్లె నుంచి దేశానికి

అలగానిపాడులో నేర్చింది ఆయన తర్వాత ఎక్కడా వదల్లేదు. 1930ల్లో తమిళనాడు, కేరళలకు పోయి పార్టీ కట్టే పనిలో పాలుపంచుకున్నారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని నాయకుల్లో ఒకరయ్యారు. రైతు సంఘం వుండగా కూలీలకు వేరే సంఘం ఎందుకనే వాదం అప్పుడూ వుంది, తర్వాతా వుంది. రైతుకు కావలసింది గిట్టుబాటు ధర, కూలికి కావలసింది గిట్టుబాటు కూలి. ఇద్దరూ కలిసి భూస్వామిమీద, వడ్డీవ్యాపారిమీద పోరాడవలసిందే. కాని కూలివాడు తన నోటితో తాను అడగాలంటే తన సంఘం తనకు వుండాలి. సుందరయ్య జీవితమంతా యీ పక్షానే వున్నారు.

1943లో లీలగారిని పెళ్ళాడారు. ఆమె కూడా పార్టీ కార్యకర్తే. పిల్లలుంటే వాళ్ళ కోసం కూడబెట్టే బుద్ధి పుడుతుందని, ఉద్యమానికి సమయం తగ్గుతుందని ఇద్దరూ ఆలోచించి బిడ్డలు వద్దనుకున్నారు. ఈ నిర్ణయం అందరూ చేయాలని మేమనడం లేదు. తాను నమ్మిన పనికి ఆయన ఎంత వెల కట్టారో చెప్పడానికే చెబుతున్నాం.

1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటంలో ఆయన అజ్ఞాతంలో వుండి నాయకత్వం వహించారు. ఆ పోరాటంలో సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్టు ఉద్యమం లెక్క. అంతకన్నా పెద్దసంగతి వెట్టి ఆగిపోవడం. దొర గడీ ముందు చెప్పులు విప్పి నడిచినవాళ్ళు చెప్పులతో నడిచారు. ఆ పోరాట చరిత్రను, అందులోని తప్పొప్పులను 1972లో ఆయనే పెద్ద పుస్తకంగా రాశారు.

1952లో రాజ్యసభకు పోయారు. 1955లో గన్నవరం నుంచి ఆంధ్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1978లో మళ్ళీ అక్కడినుంచే గెలిచారు. సభకు సైకిలు మీద పోవడాన్ని పత్రికలవాళ్ళు వింతగా రాశారు. ఆయనకది వింత కాదు. ఓట్లు వేసినవాళ్ళు నడిచిపోతుంటే తనకు కారెందుకు అన్నది ఆయన లెక్క. 1964లో సిపిఎం ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1970ల్లో నాయకత్వంతో అభిప్రాయభేదాలు వచ్చి ఆ పదవి వదిలేసి రాష్ట్రంలో పనికి వచ్చారు. పదవి పోయిందని ఇంట్లో కూర్చోలేదు.

ఇల్లిల్లూ తిరిగి లెక్క

ఇక్కడ మన కార్యకర్తలు ముఖ్యంగా తెలుసుకోవలసిన పని ఒకటుంది. 1974లో, అంటే 60 ఏళ్ళు దాటిన వయసులో, అఖిలభారత పార్టీ నాయకుడై వుండి కూడా, సుందరయ్య గుంటూరు జిల్లా అనంతవరం గ్రామంలో సర్వే చేయించారు. ఎవరికెంత భూమి, ఎవరు కౌలుకు చేస్తున్నారు, ఎవరు కూలికి పోతున్నారు అని లెక్క తీశారు. ఆ ఫలితాలను 1977లో ప్రకటించారు.

ఆయన పట్టుకున్న తూకపురాయి ఇది. ఒక కుటుంబానికి ఎన్ని ఎకరాలున్నాయన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ పొలంలో సొంతవాళ్ళు ఎన్ని రోజులు ఒళ్ళు వంచారు, కూలీలను ఎన్ని రోజులు పెట్టారు, తాము వేరే పొలానికి కూలికి ఎన్ని రోజులు పోయారు అన్నది చూడాలి. కె.సి. కాలువ కింద రెండెకరాలూ, మెట్టలో పదెకరాలూ ఒకటి కావు. కాగితం మీద చిన్నరైతుగా కనిపించేవాడు మడక పట్టనివాడు కావచ్చు. రైతునని చెప్పుకునేవాడు ఏడాదిలో సగంరోజులు కూలికి పోయేవాడు కావచ్చు. మిత్రుడెవరో, కానివాడెవరో పేరునుబట్టి, కులాన్నిబట్టి, పంచె తెలుపునుబట్టి చెప్పలేం. లెక్కనుబట్టి చెప్పాలి. అనంతవరాన్ని తర్వాత 2005-06లో పరిశోధకులు మళ్ళీ సర్వే చేశారంటే ఆ పాత లెక్క ఎంత విలువైనదో అర్థమవుతుంది.

అలగానిపాడులో కొలత గురించి అడిగిన కుర్రవాడూ, అనంతవరంలో లెక్క అడిగిన పెద్దాయనా ఒక్కరే. మధ్యలో 40 ఏళ్ళు గడిచాయి, పద్ధతి మారలేదు.

1985 మే 19న ఆయన మరణించారు. అప్పటికి చట్టాలు కాగితం మీద చాలా వచ్చాయి. 1948లో కనీస వేతనాల చట్టం, 1973లో భూపరిమితి చట్టం, 1976లో కట్టుబానిసల విముక్తి చట్టం. ఏ చట్టమూ తనంతట తాను వాడలోకి నడిచి రాలేదు. సంఘం వున్నచోట కొంత వచ్చింది, లేనిచోట తాలూకాఫీసు అలమరలో వుండిపోయింది.

మన వూళ్ళల్లో ఏం చేయాలి

సుందరయ్యను తలచుకోవడమంటే ఫొటోకు దండ వేయడం కాదు. జూపాడు బంగ్లా మండలంలో కూలీలు, కార్యకర్తలు చేయగలిగిన పని వుంది. ప్రతి వూళ్ళోనూ ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక నోటుపుస్తకం తెరవండి. కాలువ కింద భూమి ఎవరి పేరున వుంది, సేద్యం ఎవరు చేస్తున్నారు? కౌలు ఎంత, పంట పోతే కౌలు తగ్గిస్తున్నారా లేదా? మగవారికి ఏడాదిలో ఎన్నిరోజులు పని దొరికింది, ఆడవారికి ఎన్నిరోజులు? ఒకే పనికి ఇద్దరికీ ఒకే కూలి ఇస్తున్నారా? గుత్తకు తీసుకున్న పనిలో మేస్త్రీకి ఎంత పోతోంది? సుగ్గికి వలస పోయినవాళ్ళెందరు, పిల్లల బడి మానిపించినవాళ్ళెందరు? అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత? గుడిలో, హోటల్లో, బోరింగు దగ్గర ఇంకా తేడా చూపుతున్నారా?

ఈ లెక్క రాసేటప్పుడు కార్యకర్త తన ఇంటినుంచే మొదలుపెట్టాలి. మన పొలంలో మనం ఇచ్చే కూలి ఎంత, ఆడకూలికి ఎంత, మన ఇంటికి వచ్చిన దళితునికి నీళ్ళు ఏ గ్లాసులో ఇస్తున్నాం అన్నది మొదటి పేజీలో రాయాలి. అది రాయలేనివాడు రెండో పేజీ తిప్పనక్కర్లేదు. లెక్క పూర్తయిన తర్వాత దాన్ని వాడలో, రచ్చకట్ట దగ్గర అందరికీ చదివి వినిపించండి. తప్పులుంటే జనమే దిద్దుతారు. అప్పుడు ఏ డిమాండు ముందు పెట్టాలో జనమే తేలుస్తారు.